పడుగు బయల్లో ఎర్రతల గూటాలు

నీలదొడ్డి మగ్గాలపేటలో తెల్లవారిందని చెప్పేది కోడికూత కాదు, గంజి ఉడికే వాసన. ఆ రోజు మాత్రం వాసన కంటే ముందు సుంకమ్మ కేక వచ్చింది.

“వదినా! చౌడొదినా! గంజి ఆడ పెట్టి బిన్నా రా. మన బయల్లో ఇనుప గూటాలు మొలిసిండాయి!”

“రేత్రి కల్లు తాగినావేమే?” అంది చౌడేశ్వరి, కుండలో గరిటె ఆపకుండా.

“తాగింటే నీకూ రోంత పోసింటా కదా. వచ్చి సూడు!”

చౌడేశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్లి చూసింది. నిజమే. సోలార్ కంపెనీ గోడకూ వేపచెట్ల వరుసకూ మధ్యనున్న బయలు పొడవునా, దారం పట్టి కొలిచినట్టు తిన్నగా, ఇనుప కమ్మీలు పాతి ఉన్నాయి. ప్రతిదాని తలకూ ఎర్ర రంగు. మొదళ్లలో సిమెంటు. ఆమె ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపింది. కదల్లేదు. ఇంకోదాన్ని కాలితో తన్నింది. కాలే నొచ్చింది. ఆ నొప్పికి ఆమె మొహం విచ్చుకుంది.

ఆ సంతోషం తెలియాలంటే పడుగు సంగతి తెలియాలి. చీరకు కావలసిన నిలువు పోగులన్నిటినీ ముందు బారుగా చాచి, రెండు చివరలా లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఆ చాచిన నూలే పడుగు. గంజి పట్టని పోగు మగ్గం మీద నాలుగు దెబ్బలకు తెగిపోతుంది. దీనికి పొడవైన చోటు కావాలి, లాగుడుకు ఓర్చే గూటాలు కావాలి, ఎండ ముదరక ముందుండే చల్లగాలి కావాలి. పొద్దు గోడ మీదికి ఎక్కిందంటే పోగులు పెళుసుబారి పుటుక్కు పుటుక్కుమంటాయి. అందుకే పేటవాళ్లు చీకటి పలచబడే వేళకే బయల్లో ఉంటారు. ఎండ చురుక్కుమనేసరికి పడుగు చుట్టుకుని, కొయ్య గూటాలు పీక్కుని ఇళ్లకు పోతారు. పీక్కోకపోతే అవి ఎవరి పొయ్యిలోకో పోతాయి.

ఒకప్పుడు వీధుల్లోనే చాచేవాళ్లు. వీధులకు సిమెంటు పోశాక గూటం దిగే నేల లేకుండా పోయింది. మోటారు సైకిళ్లు వచ్చాక ఆగే మనిషి లేకుండా పోయాడు. అప్పుడు ఊరి వెలుపలి బయలు దిక్కయింది. కంపెనీ వచ్చి బ్యాటరీల గోడౌనుకు ప్రహరీ కట్టినప్పుడు ఆ బయల్లో సగం గోడ లోపలికి పోయింది. అప్పుడెవరూ అడ్డుపడలేదు, మిగిలిన పట్టీ చాల్లే అనుకున్నారు. ఆ పట్టీలో పక్కా గూటాలు వేయించండని పంచాయతీకి అర్జీల మీద అర్జీలు పెట్టారు. అర్జీలు రాసిపెట్టిన పిల్లలకు పెళ్లిళ్లయి, వాళ్ల పిల్లలు బడికి పోతున్నారు. గూటాలు మాత్రం రాలేదు.

ఇప్పుడు వచ్చాయి. అడిగిన చోట, అడిగిన వరుసలో. పంచాయతీవాళ్లు కాకపోతే ఇంకెవరు పాతుతారు? ఇంకే ఊరివాళ్లయినా ఆ ఎర్ర తలలను చూసి, ఇదేదో సర్వే, మన నెత్తికి ఏదో రాబోతోందని అనుమానించేవాళ్లు. పొద్దున లేస్తే పడుగు తాళ్లు లాగే మనుషులకు తిన్నని గూటాల వరుసలో పడుగు తప్ప ఇంకేం కనబడుతుంది?

చౌడేశ్వరి మొదటి గూటానికి పసుపు పూసి కుంకుమ పెట్టింది. ఆమె మొగుడు ఉరుకుందప్ప కొబ్బరికాయ కొట్టాడు. ఆ పొద్దు పడుగు ఆ గూటాలకే కట్టారు. లాగితే వీణ తీగలా నిలిచింది. సాయంత్రం ఆడవాళ్లంతా కలిసి వార్డు మెంబరు తిరుమలయ్యకు పూలదండ తీసుకుపోయారు. బజారులో ఆయనది నూలు అంగడి. పేటకు నూలు వచ్చేదీ, పేట చీరలు పోయేదీ ఆ అంగడి మీదుగానే.

“ఏందమ్మా ఇదంతా?” అన్నాడు తిరుమలయ్య, దండకు తల వంచుతూనే.

“గూటాలు ఏపిచ్చినావు కదన్నా! యానాటి మొర. నీ కడుపు సల్లగుండ.”

తిరుమలయ్య ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నవ్వాడు. “మీ పని నా పని కాదా ఏంది, చౌడమ్మా” అని కొబ్బరి చిప్ప అందుకున్నాడు. ఆయన అలా ఆగడాన్ని చౌడేశ్వరి అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత అది చాలా రోజులు ఆమె గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

చౌడేశ్వరి కోయిలకుంట్ల వైపు పిల్ల. నీలదొడ్డికి కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు కండెలకు నూలు చుట్టడం తప్ప ఏమీ రాదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పెట్టి ఉరుకుందప్ప మోకాళ్లు పట్టేశాక, పడుగు పక్కన కుంచె లాగుతూ నడిచే పని ఆమె మీద పడింది. అది మగవాళ్ల పని. “ఆడది కుంచె పడ్తే నూలు సిగ్గుపడ్తాది” అని వెక్కిరించారు. “నూలుకు సిగ్గెందుకు, ఇంట్లో కూసున్న నీకుండాల” అని ఆమె కుంచె వదల్లేదు. ఇప్పుడు ఆమె కుంచె పట్టిన పడుగైతే మగ్గం మీద నిశ్చింత అంటారు, వెక్కిరించినవాళ్లే. పెద్ద గొంతు, తొందర కోపం, ఇంకా తొందరగా వచ్చే నవ్వు. ఆ బయలు ఆమెకు చెమటోడ్చే చోటే కాదు. మనిషిగా లెక్కకు వచ్చిన చోటు కూడా అదే.

కొన్నాళ్లకు ఒక పొద్దున జీపు వచ్చి ఆగింది. మెడలో కార్డు వేసుకున్న మనిషి దిగి, కాయితం చుట్ట చంకలో పెట్టుకుని, నేరుగా పడుగు మీదుగా కాలెత్తాడు.

“దాటొద్దు!” అని బయలంతా ఒక్కసారిగా అరిచింది.

ఆయన ఒక కాలు గాల్లో పెట్టుకుని కొంగలా నిలబడిపోయాడు.

“సెప్పులు ఆడ ఇడ్సి సుట్టు తిరిగి రా సారూ” అంది చౌడేశ్వరి. “పడుగు దాటకూడదు. మా అత్తే ఏనాడూ దాటలేదు, నువ్వెంత!”

ఆయన పేరు రాఘవేంద్రప్రసాద్. కర్నూలు నుంచి వచ్చిన ఇంజనీరు. కంపెనీ గోడ చుట్టూ నేలలో పూడ్చే కేబులుకు ప్లాను గీస్తున్నది ఆయనే. చుట్టు తిరిగి వచ్చాడు, పాపం, చెప్పులు కూడా విడిచాడు.

“ఈ మార్కింగు కమ్మీలకు తాళ్లెవరు కట్టారమ్మా? సగం ఒరిగిపోయాయి.”

“మేమే. మా గూటాలకు మేం గాక ఎవురు కడ్తారు?”

“మీవి కాదమ్మా. ఇవి కేబులు లైను గుర్తులు.”

ఆయన చెప్పాడు. కోపంగా కాదు, ఓపికగానే చెప్పాడు. ఈ గుర్తుల వెంట కాలువ తవ్వి కేబులు పూడుస్తారు. మీద మనిషి నడిస్తే అది పసిగట్టి లోపలి గదిలో సైరన్ మోగిస్తుంది. దొంగ గోడ ముట్టుకోక ముందే తెలిసిపోతుంది. అందుకని దానికి రెండు పక్కలా నేల ఖాళీగా ఉండాలి. మనుషులు తిరగకూడదు. గూటాలు కొట్టకూడదు. చెట్లు గాలికి ఊగితే వేళ్లు నేలను కదిలిస్తాయి, సైరన్ ఊరికే మోగుతుంది, కాబట్టి వేపచెట్లు కూడా తీసేస్తారు.

చౌడేశ్వరి కుంచె నేల మీద పెట్టలేదు. పెడితే దుమ్మంటుతుంది. దాన్ని చేతిలోనే పట్టుకుని అడిగింది: “గోడ మీది. దొంగల బయం మీది. గోడ లోపల పూడ్సుకోకుండా ఈడికి యాటికొస్తిరి?”

“లోపల లారీలు తిరుగుతాయమ్మా, క్రేన్లు తిరుగుతాయి. పొద్దస్తమానం మోగుతుంది. బయటైతే ఎవరూ...” ఆయన మాట అక్కడ ఆగింది. గంజి కుండలూ, తాళ్లూ, కుంచెలూ, తనను చూస్తున్న మనుషులూ కనబడ్డారు. “నేను ప్లానుకు వచ్చినప్పుడు ఇక్కడ ఎవరూ లేరు.”

“ఎప్పుడొస్తివి?”

“మధ్యాహ్నాలు వచ్చాను.”

సుంకమ్మ చేతులు తిప్పింది. “మద్యాన్నం బువ్వ యాలకు మీ ఆఫీసుకొస్తే కుర్చీలన్నీ ఖాళీగా ఉంటాయి కదప్పా. మేమొచ్చి మగ్గాలేసుకుంటామా?”

బయలంతా నవ్వింది. ఇంజనీరు కూడా నవ్వబోయి మానేశాడు. కాయితం విప్పి చూపించాడు. గోడ ఉంది, గేటు ఉంది, కేబులు గీత ఉంది. బయలున్న చోట లేత పచ్చ రంగు పూసి, ఖాళీ స్థలం అని రాసి ఉంది. పంచాయతీ కూడా అదే తీర్మానించి ఇచ్చింది.

ఖాళీ! ఎంత సుఖమైన మాట! పేదవాడు పని చేసుకుని, ఊడ్చుకుని, తన వస్తువులు తాను తీసుకుని ఇంటికి పోతే ఆ చోటు ఖాళీ. ఉన్నవాడు ముళ్లకంచె వేసి ఏళ్ల తరబడి తొంగిచూడకపోయినా అది ఆస్తి. ఈ దేశంలో ఎన్ని మేతబీళ్లు, ఎన్ని కళ్లాలు, ఎన్ని ఎండబెట్టుకునే నేలలు ఈ ఒక్క మాటతో మాయమైపోయాయో! ఆ మాట రాయడానికి ఎవరినీ కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. మధ్యాహ్నం వచ్చి చూసిపోతే చాలు.

చౌడేశ్వరి ఆ రోజే తిరుమలయ్య అంగడికి పోయింది. తాము వేసిన దండ ఎండి గోడ మీది దేవుడి పటానికి వేలాడుతోంది.

“ఖాళీ అని సంతకం పెట్టింది నువ్వేనంట కదన్నా?”

“నేనొక్కన్నేనా? అందరూ పెట్టినారు. కంపెనీ వాళ్లు ఊరికి వీధిలైట్లు ఇస్తామన్నారు. ఊరు బాగుపడేది సూడొద్దా?”

“మేము ఊరు గాదా? సరే, గూటాలు నీవి గావని తెలిసీ దండ యాటికి ఏపిచ్చుకుంటివి?”

“అందరూ వచ్చి వేస్తాంటే వద్దంటే మర్యాదగా ఉంటాదా?”

“మర్యాద శానా ఎక్కువే నీకు. ఆ దండ ఇటియ్యి.”

“ఎండిపోయింది కదమ్మా...”

“ఎండినా మాదే. ఇయ్యి.”

అంగట్లో బేరాలు ఆగిపోయాయి. తిరుమలయ్య స్టూలు ఎక్కి, రాలుతున్న పూలతో ఆ దండ దించి ఇచ్చాడు. దాన్ని ఆమె అలాగే చేత పట్టుకుని బజారు పొడవునా నడిచివచ్చి, బయల్లో మొదటి గూటానికి వేసింది.

కంపెనీకి మంచి పేరు మీద మోజు. తవ్వే ముందు ఊరివాళ్లకు అవగాహన కల్పిస్తామని గేటు దగ్గర షామియానా వేశారు, మజ్జిగ ప్యాకెట్లు పంచారు. గేటు ముందు కొంచెం కేబులు పూడ్చి, పైన మన్ను సరిచేసి ఉంచారు. సెక్యూరిటీ ఆఫీసరు మైకు పట్టుకున్నాడు.

“ఇది చాలా తెలివైనది. కుక్క పోతే ఊరుకుంటుంది. కుందేలు పోతే ఊరుకుంటుంది. మనిషి పోతే మాత్రం పట్టేస్తుంది. అమ్మా, మీరు రండి, నడిచి చూపించండి.”

పిలిచింది చౌడేశ్వరినే. ఆమె లేచి నడిచింది. సైరన్ చెవులు చిల్లులుపడేలా కూసింది. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. “చూశారా! చొరబాటు! వెంటనే తెలిసిపోయింది!”

చౌడేశ్వరి కదల్లేదు, ఆ మన్ను మీదే నిలబడింది. సైరన్ ఆగాక అడిగింది. “పని మీద పోయే మనిసికీ, దొంగకూ తేడా తెలుస్తాదా దీనికి?”

“అది తెలియదమ్మా. మనిషా కాదా, అంతే.”

“అంటే ఈడ కుక్క తిరగొచ్చు. మేం తిరగకూడదు.”

ఆఫీసరు మజ్జిగ తాగమన్నాడు.

“నాకొద్దు నీ మజ్జిగ. నేను కాపరానికొచ్చిన పొద్దు నీ గోడ ల్యా, నీ గేటు ల్యా. సొరబడింది ఎవురప్పా?” అని ఇంకోసారి దాని మీదుగానే నడిచి వచ్చేసింది. సైరన్ మళ్లీ కూసింది. ఆమె వెనక సుంకమ్మ నడిచింది, తర్వాత పేట మొత్తం నడిచింది. షామియానా ఖాళీ అయ్యేదాకా ఆ తెలివైన యంత్రం గొంతు చించుకుంటూనే ఉంది.

రెండో రోజు పోలీసులు వచ్చారు. కంపెనీ గుర్తులు ధ్వంసం చేసింది, జనాన్ని రెచ్చగొట్టింది అని చౌడేశ్వరి మీద ఫిర్యాదు. పసుపు పూసి కుంకుమ పెట్టడం ధ్వంసమట! పొద్దంతా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి, కేసు రాసుకుని పంపించారు. ఆమె స్టేషన్‌లో ఉన్నప్పుడే బయలు ఆ చివర వేపచెట్లు కొన్ని కొట్టేశారు. ఇంటికి వస్తూ ఆమె తెగిన మొద్దుల దగ్గర ఆగింది. ఏడవలేదు. ఇంటికి పోయి నూలు కట్టలు దించమంది మొగుణ్ణి.

“జేసీబీ వస్తాదంట రేపు” అన్నాడు ఉరుకుందప్ప.

“రానీ. తడి పడుగును ఎవురైనా ఎత్తుతారా?”

పేటలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. గంజి పట్టిన పడుగును ఆరకముందు ఎత్తితే పోగులన్నీ అతుక్కుని ముద్దయిపోతాయి, ఆ నూలు ఇంక దేనికీ పనికిరాదు. అందుకే తడి పడుగు వీధిలో ఉంటే పెళ్లి ఊరేగింపైనా పక్కదారి పట్టేది. ఆ రాత్రి పేటవాళ్లంతా ఆమె వాకిట్లో చేరి, ఒకరి పడుగు ఆరేలోపు ఇంకొకరు గంజితో సిద్ధంగా ఉండాలని అనుకున్నారు. బయల్లో తడి పడుగు లేని గడియ ఉండకూడదు.

“మద్యాన్నం?” అన్నారెవరో.

మధ్యాహ్నం పడుగు చాచడమంటే నూలును నిప్పుల్లో వేయడమే.

“మద్యాన్నం నాది” అంది చౌడేశ్వరి.

“నీకేమన్నా పిచ్చా? పోగు నిలుస్తాదా ఆ ఎండకు?” అన్నాడు ఉరుకుందప్ప. “ఇంట్లో ఉండే నూలంతా అదే.”

“నిలవకపోతే అతుకేస్తా. మద్యాన్నం ఎవురూ ల్యారని కదా రాసుకున్యారు? మద్యాన్నమే ఉంటా.”

మరునాడు పొద్దున పొడుగాటి చెయ్యి ఊపుకుంటూ జేసీబీ వచ్చింది. బయల్లో ఈ కొస నుంచి ఆ కొసకు తడి పడుగు. నడిపేవాడు ఏసురాజు బండి ఆపి బీడీ వెలిగించాడు. పొద్దు గోడ మీదికి వచ్చింది. ఒక పడుగు చుట్టారు, వెంటనే ఇంకొకటి చాచారు. నడినెత్తిన సూర్యుడు వచ్చేసరికి చౌడేశ్వరి కుంచె పట్టింది.

ఎండలో ఆ పడుగు చిటపటలాడింది. గంజి పట్టించిన చోట పట్టించినట్టే ఆరిపోతోంది, పోగు తర్వాత పోగు తెగుతోంది. తెగిన ప్రతి పోగునూ ఆమె వేళ్లతో పట్టి, గంజి అద్ది, మెలిపెట్టి అతికింది. అతికిన చోటికి పక్కనే ఇంకోటి తెగింది. ఎదురుగా సుంకమ్మ నీళ్లు చల్లుతూ నడిచింది. సుంకమ్మ ఆ పూట ఒక్క జోకు కూడా వేయలేదు.

సెక్యూరిటీ ఆఫీసరు కారులో వచ్చాడు. “ఏం చూస్తున్నావ్? నడుపు బండి!”

“తడి పడుగుండాది సార్” అన్నాడు ఏసురాజు. “ఆరనీ.”

“నువ్వు ఎవరి మనిషివి?”

“జేసీబీ మనిసిని సార్. మా యమ్మ ఈ పేటోళ్లు నేసిన కోకే కట్టుకుంటాది. దీన్ని తొక్కి ఇంటికి పోతే నాకు బువ్వ పెట్టదు.” అతను తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

ఇంజనీరు కూడా వచ్చాడు. ఈసారి చెప్పకుండానే చెప్పులు విడిచాడు. ఆ నేల మీద అరికాళ్లు నిలవక, తెగకుండా మిగిలిన ఒక వేపచెట్టు నీడలోకి పోయి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. చివరికి అడిగాడు. “ఇది ఎప్పటికి ఆరుతుందమ్మా?”

“నువ్వు రాసుకునేదాకా ఆరదు.”

“ఏం రాయమంటారు?”

“మద్యాన్నం, ఈడ, మనుసులుండారని రాయి. పొద్దున ఉంటారు, మద్యాన్నం ఉంటారు. నీ గీత పక్కనే రాయి, మళ్ల ఎవురూ సూడలేదనకుండా.”

ఆయన రాశాడు. ఆమె మీద జాలితో రాశాడో, జేసీబీ పనిలేకుండా నిలబడితే పైవాళ్లు తిడతారని రాశాడో, పేటవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. ఆ వారమంతా బయల్లో తడి పడుగు ఉంది, ఆ వారమంతా ఏసురాజు నీడన బీడీలు కాల్చాడు. వారం తిరిగేసరికి కేబులు గీత గోడ లోపలికి పోయింది. లోపల లారీల దారిని కాస్త పక్కకు జరిపారు. అంతే! కుదరదన్న పని అది! ఆ కాస్త దారి జరపడానికి వెనకాడి, ఒక పేట బతుకును తవ్వి పారేయడానికి సిద్ధపడ్డారు. ఎవరూ తప్పయిందనలేదు. కొట్టేసిన చెట్లకు ఎవరూ జవాబు చెప్పలేదు. పోలీసు కేసును ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఆ ఎర్రతల గూటాలను మాత్రం కంపెనీ మరిచిపోయింది. పేట వాటికే ఇప్పటికీ పడుగు కడుతోంది. మొదటి గూటానికి దండ తాలూకు దారం ఇంకా చుట్టుకునే ఉంది.

మధ్యాహ్నపు పడుగు మగ్గమెక్కి చీరైతే అయింది గానీ, ఒళ్లంతా అతుకులే. తిరుమలయ్య దాన్ని వెలుతురుకు పట్టి, పెదవి విరిచి వెనక్కి ఇచ్చేశాడు. చౌడేశ్వరి దాన్ని తానే కట్టుకుంది. వాయిదా ఉన్న ప్రతిసారీ అదే కట్టుకుని కోర్టుకు పోతుంది. కట్టుకోవడానికి మంచిది లేక కాదు.

మొన్నటి వాయిదాకు కోర్టు వసారా కిక్కిరిసి ఉంది. లోపలి నుంచి బంట్రోతు తల బయటపెట్టి, ఎవరినీ చూడకుండా, కాయితంలోకి చూస్తూ అరిచాడు. “చౌడేశ్వరి! నీలదొడ్డి చౌడేశ్వరి! ఉందా, లేదా?”

ఆమె జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. బయల్లో ఈ కొస నుంచి ఆ కొసకు వినబడే గొంతుతో అంది.

“ఉండా సారూ! ఈడనే ఉండా!”